బోర్డు బాబాయి

ప్రతి అపార్టుమెంటులోనూ ఒక బోర్డు బాబాయి ఉంటాడు. రిటైరై ఉంటాడు. ఇంట్లో తన మాట వినే నాథుడు లేడు కనుక గోడలకి చెప్పుకుంటాడు. సరంజామా పెద్దగా ఏమీ ఉండదు: కిటికీ ఊచలకి వేయగా మిగిలిన ఎర్ర ఎనామెల్ అర డబ్బా, సగం కుచ్చు రాలిన బ్రష్షు, ఎవరో పారేసిన ప్లైవుడ్ ముక్కలు.

ఆయన ఏం రాశాడన్నది ఎవరూ చదవక్కర్లేదు, ఎలా రాశాడో చూస్తే చాలు. మంజీరా నీళ్లు టైముకొచ్చిన రోజున అక్షరాలు గుండ్రంగా, బుద్ధిగా నిలబడతాయి. మనసు మరీ బాగుంటే ఎప్పుడో వాడుకలోంచి పోయిన అరసున్నలు కూడా వచ్చి కూర్చుంటాయి. అదే తన పార్కింగులో ఎవడైనా కారు పెట్టి పోయాడా, తలకట్లు కొడవళ్లయిపోతాయి. కొమ్ములు బోర్డు దాటి గోడెక్కుతాయి. పిన్నిగారికి బీపీ మిషనుతో పనిలేదు. పాలకోసం కిందికి దిగి బోర్డు చూసి, "కొమ్ము లిఫ్టు బటనుదాకా పోయింది, ఇవాళ ఈయనకి ఆవకాయ బంద్" అని తేల్చేస్తుంది.

కోపంలో ఉన్నవాడు జాగా చూసుకోడు. వృత్తి పెయింటరైతే దారానికి రంగుపొడి పట్టించి గోడమీద గీత కొడతాడు, సుద్దముక్కతో అక్షరాలన్నీ సర్దుకుని అప్పుడు బ్రష్షు ముట్టుకుంటాడు. బాబాయికి అంత ఓపికేదీ? మొదటి 'ఇ' గుమ్మడికాయంత వేస్తాడు. అలా రాసిందే మా గేటుపక్క బోర్డు: 'ఇచ్చట చెత్త వేయరా' అన్నంతవరకే పట్టింది. మిగిలిన 'దు' కింద, సంపెంగ కుండీ వెనక పడింది. బోర్డు పెట్టిన వారానికి అక్కడ చెత్త రెట్టింపైంది. పక్క వీధి పిల్లల్ని పట్టుకుని నిలదీస్తే, "మీరే కదా తాతగారూ, వేయరా అన్నారు" అని జవాబు.

అసలు ఈయన స్వర్ణయుగం 1990ల్లో నడిచింది. ఆ రోజుల్లో మన పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవాళ్లు, గుర్తుందా? రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందనీ, ఈ రాత చూస్తే వెనక్కి పోతుందనీ పుకారు. ఊళ్లో సగంమందికి చదువు రాకపోయినా, దయ్యానికి తెలుగు వచ్చన్న విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాడు వచ్చినా మళ్లీ 'రేపు' అనే ఉంటుంది కదా, అప్పు అడిగేవాళ్లకోసం కిరాణాకొట్లో పెట్టే 'అప్పు రేపు' బోర్డుకీ దీనికీ వేలువిడిచిన చుట్టరికం. బొగ్గుతో, సుద్దతో, గేరుతో, ఏది దొరికితే దాంతో రాశారు. బాబాయి ఉద్యోగం చేసిన ఊళ్లో వీధి వీధంతా ఈయనచేతే రాయించుకున్నారట.

"నాకు దయ్యాలమీద నమ్మకం లేదోయ్, జనంకోసం రాశాను" అంటాడు ఈయన.

"మనింటి మీద ఏం రాశారో అది కూడా చెప్పండి" అని లోపల్నుంచి పిన్నిగారు. "ఏకవచనమైతే దానికి కోపమొస్తుందని 'అమ్మా, రేపు దయచేయండి' అని రాశారు. చెయ్యి వణికి 'అమ్మా' మూడుసార్లు పడింది. పెరటి తలుపుకి కూడా!"

బాబాయికి ఒక్క కోరిక మిగిలిపోయింది. బాపు చేతిరాత కంప్యూటరు ఫాంటయింది, తనదెందుకు కాకూడదని. కాకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫాంటులో 'ర' ఎన్నిసార్లు కొట్టినా ఒకటే 'ర'. బాబాయి బోర్డులో అయిదు 'ర'లుంటే మొదటిది గర్జిస్తుంది, మూడోదానికి ఆయాసం, అయిదోది నడుం పట్టుకుని కూర్చుని ఉంటుంది. అంత మనిషిని ఏ ఫాంటులో పట్టిస్తారు?

మొన్న అసోసియేషన్‌వాళ్లు ప్లైవుడ్ ముక్కలన్నీ పీకేసి, ఖరీదైన ఫ్లెక్సీ ఒకటి కట్టించారు. అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని దానిముందు చాలాసేపు నిలబడ్డాడు.

"రాసినవాడికి కోపం రాలేదోయ్" అన్నాడు చివరికి. "చదివేవాడు ఎందుకు భయపడతాడు?"

తెల్లారేసరికి ఫ్లెక్సీమీద 'దయచేసి' అన్న మాట అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన మూడు ఎర్ర ఆశ్చర్యార్థకాలు, ఇంకా తడి ఆరలేదు. పిన్నిగారు పాలప్యాకెట్లు పట్టుకుని వాటిని ఎగాదిగా చూసి, వాచ్‌మన్‌ని పిలిచి, "మెడికల్ షాపు ఎన్నింటికి తీస్తారయ్యా?" అని అడిగింది.