గునుగు పువ్వు యాడ పూస్తదో చెప్పుండ్రి

మా రోజుల్ల పిల్లగాండ్లకు చెట్టు గురించి, పిట్ట గురించి ఎవ్వరు పాఠం చెప్పలే. ఇప్పుడు బొమ్మలేసి మరీ చెప్తున్నరు. 2014ల తంగేడు తెలంగాణ రాష్ట్ర పువ్వయ్యింది, జమ్మి రాష్ట్ర చెట్టయ్యింది, పాలపిట్ట రాష్ట్ర పక్షయ్యింది అని జోగిపేటల ఏ పోరన్నడిగినా గడగడ అప్పజెప్తడు. అదే పోరన్ని అందోల్ తొవ్వల నిలబెట్టి తంగేడు చెట్టేదిరా అంటె జేబులకెల్లి సెల్లు తీస్తడు.

బిడ్డా, పటాన్‌చెరుల షిఫ్టు డ్యూటీ చేసి అలిసిపోయి వస్తవు, నాకెరుకే. ఐతారం పిల్లల్ని రిసార్టుకు తీస్కపోయి, టికెట్టు కొని పచ్చగడ్డి చూపిస్తవు. గడ్డికి టికెట్టు పెట్టే కాలమొస్తదని మా అయ్య కాలంల ఎవరన్న చెప్తె నవ్వుతుండిరి.

మాకు పెత్రమాసే అసలు బడి. ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ, చీకటితోనే సంచులు వట్టుకొని పొలాల దిక్కు పోతుంటిమి. తంగేడు బీడు భూముల్ల, గుట్టల పొంటి దొరుకుతుండె. గునుగు జొన్న చేన్ల దొరుకుతుండె. రైతుకు గునుగు కలుపే. అయినా పండుగ దగ్గరికొస్తుందంటె కలుపు తీసే అవ్వలు గట్టు పొంటి కొన్ని మొక్కల్ని ఇడిసిపెడుతుండిరి, పిల్లలొస్తరని. ఆ అవ్వల పక్కపొంటి నడుస్తుంటె ఏది నల్లరేగడో, ఏది ఎర్రచెల్కనో, ఏ పుట్ట దగ్గరికి పోవద్దో అన్ని ఒంటవట్టేటివి. తంగేడు కొమ్మ ఇరిస్తె అక్కడనే తిట్లు పడేటివి. పువ్వు తెంపాలె గని మొదలు ముట్టొద్దు, ఒక్క చెట్టునే అంత దులపొద్దు, ఎనుకొచ్చేటోళ్లకు మిగలాలె. తంగేడు చెక్కతోని తోళ్లు పదును చేసేటోళ్లకు ఆ చెట్టు మీదనే బతుకుండె. ఇగ దాన్ని పర్యావరణమని పిలుస్తరని మాకు తెల్వదు.

తెంపిన పువ్వు తొమ్మిది దినాలు చెరువుకే పోయేది. అందుకే చెరువు ఎంత నిండిందో, అలుగు దుంకుతుందో లేదో, నీరటి ఏ తూము తీసిండో ఊర్ల పోరలందరికి ఎరుకుండె. ఎండకాలం చెరువు అడుగు తేలితె ఒండ్రుమట్టి బండ్ల మీద చేన్లకు తోలేది, పిల్లలం బండి ఎనుక ఉరుకుతుంటిమి. చెరువుకు లోతు పెరిగేది, చేనుకు బలమొచ్చేది. 2015ల మిషన్ కాకతీయ అని సర్కారు మళ్ల పూడిక తీయించింది, మంచి పనే చేసింది. గని మిషన్లు తీస్తుంటె పిల్లలు కట్ట మీదికెల్లి చూసిండ్రు, అంతే. చేత్తోని ముట్టని చెరువు మీద ఎవనికి మమకారం పుడతది?

చెరువే కాదు, మంజీర నది సంగతి గుడ చూడుండ్రి. 1978లనే దాన్ని మొసళ్లకు, పక్షులకు అభయారణ్యం చేసిండ్రు. సింగూరు డ్యాం కట్టి సుమారు 30 టీఎంసీల నీళ్లు ఆపిండ్రు, పట్నం దూప తీర్చిండ్రు. అదే మంజీరల కలిసే నక్కవాగుల పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురికి పారింది. ఆ కాలుష్యం కేసు 1990ల సుప్రీంకోర్టుకెక్కింది. వాగంటె పిల్లలు ఈత నేర్చుకునే జాగ ఉండె, ఇప్పుడు అటు దిక్కు పోవద్దని మనమే గదమాయిస్తున్నం. ఇయ్యాల్టి పిల్లలకు నదంటె భయం లేదంటె సెల్ఫీ, ఈ రెండే మిగిలినయి.

మా కాలంల అంత బంగారమే అని నేను అంటలేను. దిగుడుబావి నీళ్లు తాగి నారికురుపు లేచి నెలలకు నెలలు మంచాన పడ్డోళ్లను చూసిన. ఆ రోగం మన దేశంల లేకుండ పోయిందని 2000ల ప్రకటించిండ్రు. నల్లా నీళ్లు రావాలె, రోగం పోవాలె. గని రోగంతోని పాటు బావి దగ్గరి తొవ్వ, చేను గట్టు, గునుగు పువ్వు గుడ పోవాల్నా?

జొన్న పోయి పత్తి వచ్చింది, కలుపు తీసే అవ్వలు పోయి గడ్డి మందు వచ్చింది. గునుగు ఇప్పుడు పట్నం మార్కెట్ల కట్టలు కట్టి అమ్ముతున్నరు. ఊరోళ్లు గుడ కొనుక్కొస్తున్నరు, అదే నాకు మనసున వడ్తలేదు.

చెయ్యాలనుకుంటె ఇప్పటికి చెయ్యొచ్చు. జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు మాచ్‌నూర్ల పచ్చశాల అని బడి పెట్టిండ్రు. అండ్ల పిల్లలకు చదువుతోని పాటు ఎవుసం పని గుడ నేర్పిండ్రు. ఆ సొసైటీ ఆడోళ్లు ఏటా సంక్రాంతప్పుడు పాత పంటల జాతర చేసి ఎడ్లబండ్ల మీద జొన్న, కొర్ర, సామ ఇత్తులు ఊరూరు తిప్పిండ్రు. ఆ ఆడోళ్లల్ల శానమంది బడి మొఖం చూడనోళ్లే. వాళ్లకైన పని సదువుకున్న నీకెందుకు కాదు?

ఈ పెత్రమాసకు పువ్వులు కొనకు. పిల్లల్ని తీస్కొని చేన్లకు పో. మందు కొట్టేటప్పుడు గట్టు పొంటి ఒక్క సాలు ఇడిసిపెట్టమని మీ బాపును అడుగు. నీకే చేనుంటె నువ్వే ఇడిసిపెట్టు. పిల్లల బట్టలు మాస్తయి, కాళ్లకు పల్లేర్లు గుచ్చుకుంటయి, ఏడుస్తరు, ఏడ్వనియ్యి. మొక్క నాటినట్టు ఫోటో దిగుడు కాదు, నాటిన మొక్కకు మూడు ఎండకాలాలు నీళ్లు పొయ్యమను. అంతదాక మన పిల్లలకు ప్రకృతి మీద ప్రేమ ఉన్నదని నాకు చెప్పకుండ్రి, నేను నమ్మ.