ఒక్క ప్రీసెట్ చాలు, దాన్నీ ముట్టుకోవద్దు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో జానపదాలు రికార్డు చేసే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, భుజాన ఒక సంచి. కలిసినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే: "అన్నా, అన్ని పాటలూ ఒక్కతీరుగ వినపడాలంటే ఏ ప్రీసెట్ పెట్టాలె?"

నా సలహా స్టూడియోల వాళ్లకు నచ్చదు. గొంతుకొకటి, వాయిద్యానికొకటి, మూడ్‌కొకటి అంటూ నలభై ప్రీసెట్లు దాచుకొమ్మని వాళ్లంటారు. నేను ఒక్కటే చేసుకొమ్మంటాను. అది పాటకు కుదరకపోతే ఇంకోసారి పాడించండి. మళ్లీ పోవాల్సి వస్తే బస్సెక్కి పోండి. ప్రీసెట్‌ను మాత్రం కదపొద్దు.

మొదటి పని జానతో. మైకుకూ నోటికీ మధ్య సరిగ్గా జానెడు దూరం, ప్రతి ఊళ్లో, ప్రతిసారీ. కంప్రెసర్‌కు ఒక గీత ఉంటుంది. దాన్ని దాటిన శబ్దాన్నే అది అణచిపెడుతుంది. పాడే మనిషి జానెడు నుంచి రెండు జానలకు జరిగితే ఆరుబయట గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అప్పుడు ఆ గొంతు గీత దాకా రానే రాదు. అదే సెట్టింగ్, అదే మైకు, పాట మాత్రం వేరేగా వినిపిస్తుంది. మనం పోయి ప్రీసెట్‌ను తిడతాం. ప్రీసెట్ ఫైలులో దూరం సేవ్ కాదు. దాన్ని మీ చెయ్యే గుర్తుపెట్టుకోవాలి.

ఇక ప్రీసెట్‌లో మూడే ఉంచండి. 80 హెర్ట్జ్ దగ్గర లో కట్, 2:1 కంప్రెసర్, చివర లిమిటర్. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి దాని గుయ్యిమనే మోత కొంతవరకు లో కట్‌లోనే తగ్గుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర మిగిలే మోతకు ఫిల్టర్ పెట్టకండి, పాట చెడుతుంది. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. రికార్డింగ్ లెవెల్ ఎంత గట్టిగా పాడినా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

నాయిస్ గేట్ మాత్రం పెట్టనే వద్దు. ఈ మాట నేను దెబ్బ తిని చెబుతున్నాను. లింగాల దిక్కు ఒక ఊళ్లో కిన్నెర వాయించే పెద్దాయనను రికార్డు చేశాను. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. వెనక కోళ్లు, పిల్లల అరుపులు ఉన్నాయని గేట్ వేశాను. శుభ్రంగా వచ్చిందని మురిసిపోయి ఇయర్‌ఫోన్స్ ఆయన చెవికి పెట్టాను. కాసేపు విని, "బుర్ర యాడ వోయింది బిడ్డా?" అన్నాడు. తీగ మీటిన చప్పుడు ఉంది. ఆ తర్వాత సొరబుర్రలో తిరిగి తిరిగి మెల్లగా ఆరిపోయే మోత లేదు. గేట్ దాన్ని నాయిస్ అనుకొని కోసేసింది. ఒరిజినల్ ఫైలు మీదనే సేవ్ చేశాను గనక తిరిగి తెచ్చే దారి కూడా లేకపోయింది. ఆ రోజు నుంచి కోళ్లు కూడా పాటలోనే ఉంటున్నాయి.

ఆ లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు బుర్రవీణ మీద 2024లో వచ్చింది. రెండూ బుర్ర మోత మీద బతికే వాయిద్యాలే. "ఫోక్ వార్మ్" అని పేరున్న రెడీమేడ్ ప్రీసెట్ ఈ రెంటికీ ఒకటే రంగు పూస్తుంది. అట్లాంటి రంగు నాకొద్దు. ఒక్కతీరు అనేది మన కొలతలో ఉండాలి. గద్వాల కోట పక్కన పాడిన పాట, నల్లమల అంచున పాడిన పాట ఒకేలా వినపడితే మనం ఎక్కడో తప్పు చేసినట్టే.

ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి ముసలివాళ్లను చెమటలో పాడించకండి. కార్డియాయిడ్ మైకు వీపు వైపు నుంచి వచ్చే చప్పుడును తక్కువ పట్టుకుంటుంది. టేబుల్ ఫ్యాన్‌ను ఆ వీపు వైపుకు, గాలి మైకుకు తగలకుండా జరపండి. మనిషిని జరపొద్దు, ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడికే మైకు పోవాలి.

సెట్టింగులన్నీ నోటు బుక్కులో రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ పోయినా, సాఫ్ట్‌వేర్ మారినా ఆ అంకెలు పోవు. పక్కనే ఊరు పేరు, తేదీ, పాడినవాళ్ల పేరు రాయండి.

మీ ఊళ్లో కిన్నెరో బుర్రవీణో వాయించే పెద్దమనిషి ఉంటే కొత్త మైకు కొనేదాకా ఆగకండి. ఉన్న ఫోనునే జానెడు దూరంలో పెట్టి, ఈ వారమే పోయి రికార్డు చేయండి.