సర్వే నంబరు లేని అర్జీ

మా జి.కొండూరు మండలంలో అర్జీ పెట్టడం రానివాడు లేడు. సోమవారం గ్రీవెన్సుకు వెళ్ళే పెద్దాయన కాగితం చూడండి: సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు, పాసు పుస్తకం జిరాక్సు, పోయినసారి ఇచ్చిన రసీదు. ఎమ్మార్వో గారికి వంక పెట్టే సందే ఉండదు.

అదే ఆయన మనవడు ఏదో యాప్‌లో ‘లక్ష్మి’ అని కొట్టాడు. ఒత్తులు కిందికి దిగకుండా క, ష నెత్తిన పొల్లులు పెట్టుకుని వరసలో నిలబడ్డాయి. యాప్ రాసినాయనకు కుర్రాడి అర్జీ ఇదీ: ‘సార్, తెలుగు రావట్లేదు, అర్జెంటుగా ఫిక్స్ చేయండి’. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. కింద ఒకే ఒక్క స్టారు.

రావట్లేదంటే ఎలా రావట్లేదు బాబూ? డబ్బాలు కనిపిస్తుంటే ఫాంటు లేదని. ఒత్తులు విడిపోతుంటే అక్షరాలను కూర్చే పని జరగట్లేదని. ఆ పని క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ చేసిపెట్టేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని వాడుకోని యాప్ అయితే ఆ మాట యాప్‌వాడికే చెప్పాలి. పట్టా గొడవను కరెంటాఫీసులో పెట్టం కదా.

వివరం అడిగితే మనకు రోషం. ‘2008లోనే ప్రాచీన హోదా వచ్చిన భాష మాది, 2011 లెక్కల్లోనే 8 కోట్ల మందిమి’ అని వంశావళి విప్పుతాం. అవతలివాడు ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట పైసా తీసుకోకుండా రాసేవాడై ఉండొచ్చు. తెలుగు ఒక్క ముక్క రాదు. తెర మీద ఉన్నది తప్పో ఒప్పో అతనికెలా తెలుస్తుంది? పదాన్ని ఫొటోగా కాక అక్షరాలుగానే పంపాలి. ఎలా వచ్చిందో, ఎలా రావాలో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాలి. ఫోను, వెర్షను, ఫాంటు పేరు రాయాలి. ఇక్కడ నాలుగు హద్దులంటే ఇవే.

డీటీపీ షాపుల తీరు ఇంకోటి. పాత ‘అను’ ఫాంట్లలో కొట్టిన శుభలేఖను పంపించి, మీ దాంట్లో గజిబిజిగా కనిపిస్తోందని దబాయింపు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కాపురం పెట్టించింది మనమే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే సొంత ఇల్లు కట్టించారు. గృహప్రవేశానికి మనకింకా ముహూర్తం కుదరలేదు.

మర్యాదగా అడిగితే ఎవరు వింటారండీ అంటారు. నిజమే, సాక్ష్యం కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ వచ్చిన మెసేజ్ తెరిస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా తెలుగు పేరే. ఆపిల్ కంపెనీ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అప్పటినుంచి మనవాళ్ళదొక సిద్ధాంతం: దండం పెడితే ఏళ్ళు, కూలదోస్తే రోజులు.

తీరా చూస్తే మామూలు ‘జ్ఞా’ది తప్పేం లేదు. ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని సంకేతం ఒకటి దూరింది. కొన్ని బెంగాలీ గుణింతాలతోనూ అదే తంతు, పేరు మాత్రం మనకొచ్చింది. ఎవరో ఓపికగా ఆ అక్షరాన్ని సంకేతం సంకేతంగా విప్పి రాశారు కాబట్టి ఇదంతా తెలిసింది. మనవాళ్ళు మాత్రం దాన్ని ఫ్యామిలీ గ్రూపులో వదిలి, ఏ బావగారి ఫోను పడిందో ఆరా తీస్తూ కూర్చున్నారు.