విడి రీడు మాస్టారు

క్లారినెట్ వాయించేవాళ్లలో రెండు తెగలున్నాయి. నోటి దగ్గర బిగించే పలచని బద్దల్ని, అంటే రీడ్లను, పెట్టెతో కొనేవాళ్లు, విడిగా కొనేవాళ్లు. మొదటి తెగవాళ్లు కొట్టుకొస్తారు, డబ్బిస్తారు, పెట్టె జేబులో వేసుకుని వెళ్లిపోతారు. వాళ్ల గురించి రాయడానికేమీ లేదు. మన కథానాయకుడు రెండో తెగ. కోస్తాలో పాతకాలం పెళ్లి బ్యాండు మేళం ఏది చూసినా ఇలాంటివారు ఒకరు కనిపిస్తారు. ఆయన్ని విడి రీడు మాస్టారు అందాం.

మాస్టారు పంచాంగం చూసి మరీ రీడు కొంటారు. శకునం కోసం కాదు, ముహూర్తాల కోసం. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఆయనకు రీడుతో పనిలేదు. మాఘమాసం తొలి ముహూర్తానికి ముందురోజు, సరిగ్గా కొట్టు కట్టేసే వేళకి ప్రత్యక్షమవుతారు.

"రెండున్నర నంబరు ఒకటివ్వండి షావుకారుగారూ."

"పెట్టె తీసుకోండి మాస్టారూ, పదొస్తాయి. విడిగా అయితే ఒక్కోదానికీ ఎక్కువ పడుతుంది."

"నాకున్న నోరు ఒకటేనండీ!"

ఒక్కటి చాలన్న మనిషి పదీ కౌంటరు మీద పరిపిస్తారు. ముందు ఒక్కో రీడునూ అద్దం మీద బోర్లించి, ఏ మూలైనా లేస్తోందేమోనని వేలితో నొక్కుతారు. తర్వాత ట్యూబులైటుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, నడుమ చిక్కగా కనిపించే నీడకి రెండు పక్కలా పలచదనం సమానంగా ఉందో లేదో చూస్తారు. బెరడు బంగారు రంగులో ఉంటే తలూపుతారు. పచ్చదనం కనిపిస్తే "ఇది పండని గడ" అని తోసేస్తారు. చివరికి బెండకాయ కొన తుంచి చూసే ఇల్లాలిలా, రీడు కొన మీదికి బొటనవేలు పోనిస్తారు. ఆ కొన మందం మిల్లీమీటరులో పదోవంతు. షావుకారి ప్రాణం గిలగిల్లాడిపోతుంది.

"నోట్లో మాత్రం పెట్టకండి మాస్టారూ! తడిపితే మీదే!"

మాస్టారి అనుమానం ఉత్తదేమీ కాదు. రీడు తయారయ్యేది 'అరుండో డోనాక్స్' అనే గడ్డిజాతి మొక్క గడతో. చూడ్డానికి వెదురులా ఉంటుంది. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతపు గడకి పెద్ద పేరు. ఎక్కడ పండినా మొక్క మొక్కే, ఏ రెండు గడలూ ఒక్కలా ఉండవు. పెట్టె మీది నంబరు బిరుసు ఎంతో చెబుతుందే గానీ నాదం గురించి చెప్పదు. పైగా ఒక కంపెనీ రెండున్నర ఇంకో కంపెనీ రెండున్నరతో సమానం కానే కాదు. పదింటిలో మూడు బాగుంటాయి, నాలుగు సర్దుకుపోవచ్చు, మూడు దండగ అని వాయించేవాళ్ల లెక్క. మరి ఆ మూడు దండగవాటికి డబ్బెందుకు పొయ్యాలన్నది మాస్టారి వాదం.

వాదం బాగానే ఉంది. కానీ రీడు గుణం కంటికి పూర్తిగా చిక్కదు. పెదవి తగిలాకే తెలుస్తుంది. తగిలాక కూడా నాలుగు రోజులు వాయిస్తే తప్ప కుదుటపడదు. ఇంకో సంగతి, ఊళ్లో మాస్టారు ఒక్కరే లేరు. తెరిచిన పెట్టెలోంచి ఆయన ఏరుకునేది అంతకుముందు మరో నలుగురు మాస్టార్లు ఏరగా మిగిలినవాటిని.

కంపెనీలు తక్కువ తిన్నాయా? 1905లో పారిస్‌లో మొదలైన వాన్డోరెన్ కంపెనీ ఇప్పుడు ఒక్కో రీడునూ విడిగా పొట్లంలో సీలు వేసి పెట్టెలో పెడుతోంది. మాస్టారు జంకలేదు. పొట్లాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "ఇది బావుంది" అంటున్నారు.

అసలు కష్టం ఊరేగింపులో వస్తుంది. అర్ధరాత్రి, పెళ్లికొడుకు కారు ముందు కుర్రాళ్లు ఎగురుతుండగా, పై స్థాయి స్వరం అందుకోబోయి మాస్టారు పన్ను తగిలించుకుంటారు. రీడు కొన చిట్లుతుంది. జేబులో రెండోది ఉండదు.

"తమ్ముడూ, నీ దగ్గర రీడేమైనా ఉందా?"

పక్కన వాయిస్తున్న కుర్రాడిది పెట్టె తెగ. తనకి పలకక పక్కన పడేసిన రీడొకటి తీసిస్తాడు. మాస్టారు దాన్ని బిగించి ఊదితే హాయిగా పలుకుతుంది. వింతేం లేదు. రీడుకి పెదవీ, మౌత్‌పీసూ కూడా కలిసిరావాలి. ఒకరికి దండగైంది ఇంకొకరికి వరం. కుర్రాడు నోరెళ్లబెడితే మాస్టారు కన్నుగీటి అంటారు గదా:

"చూశావా, విడిగా తీసుకుంటే ఎంత బావుందో!"

కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం మాస్టారి పద్ధతి కొంతవరకే పాటించండి. ఏ నంబరు నప్పుతుందో తేలేదాకా రెండు, రెండున్నర, ఒక్కొక్కటి చొప్పున విడిగానే కొనండి. తేలాక పెట్టె కొనేసి, మూడు నాలుగు రీడ్లు రోజుకొకటి చొప్పున మార్చి వాయించండి. ఒక్కదాన్నే రోజూ నానబెడితే తొందరగా చచ్చిపోతుంది. ఎలా కొన్నా సరే, ఒక్క రీడుతో మాత్రం పెళ్లికి బయల్దేరకండి.