వేపాకు వేశాం కదా అనుకోకండి

"బియ్యం డబ్బాలో గుప్పెడు వేపాకు వేసెయ్, పురుగే పట్టదు." ఈ మాట విని పచ్చి రెమ్మలు తెంపుకొచ్చి నేరుగా డబ్బాలో కుక్కేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పచ్చి ఆకులోని తడి మూత బిగించాక ఎక్కడికి పోతుంది? బియ్యంలోకే పోతుంది. పురుక్కి కావాల్సిందీ ఆ తేమే. వేయాలనుకుంటే ఆకును నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టి వేయండి. వేసినా, గింజ లోపల ఉన్న పురుగును అదేమీ చేయలేదు.

ముక్కు పురుగు గింజకు సన్నని బెజ్జం చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్ల లోపలే పుట్టి, లోపలి పిండి తిని పెరుగుతుంది. మన వేడికి నెలా నెలన్నరలో గింజను తొలుచుకుని బయటికొస్తుంది. అందాకా బియ్యం చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. చాలాసార్లు అది బస్తాతోపాటే ఇంట్లో అడుగుపెడుతుంది, మనకు కనిపించేది ఆ తర్వాతెప్పుడో. లవంగాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి రెబ్బల సంగతీ అంతే. వాటి వాసన మూసిన గింజలోకి పోయి పురుగును చంపదు.

"ఎండలో పోస్తే చాలు" అనేది ఇంకో సలహా. బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది. పెద్ద పురుగులు నీడ వెతుక్కుంటూ గోడవారకు పాకి, రాత్రికి మళ్లీ వంటింట్లోకి వస్తాయి. బియ్యాన్ని నీడన ఆరబోసి, జల్లించి, ఆ జల్లెడ కింద పడినదాన్ని ఇంటికి దూరంగా పారేయండి. పెసలు, బొబ్బర్లు, కందులకైతే గట్టి ఎండ మంచిదే. పలచగా పరవాలి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పడుతుంది.

పెసల మీద తెల్లని చుక్కలు అంటుకుని కనిపిస్తే అవి పుచ్చు పురుగు గుడ్లు. ఇక్కడ మాత్రం ఆముదం పట్టించమన్న పెద్దల మాట గట్టిది. నూనె పొర గుడ్డుకు గాలి ఆడకుండా చేస్తుంది. కిలోకు ఒక చిన్న చెంచాడు చాలు, కానీ ప్రతి గింజకూ అంటేలా చేత్తో రుద్దాలి.

అన్నిటికంటే నష్టం చేసే అలవాటు, పాత బియ్యం మీదే కొత్త బస్తా కుమ్మరించడం. డ్రమ్ము అడుగున మిగిలిన నాలుగు గుప్పెళ్లలో, అంచు మడతలో పేరుకున్న పిండిలో పురుగు కాచుకునే ఉంటుంది. కొత్త బియ్యం దానికి కొత్త మేత. డ్రమ్మును బోర్లించి దులపండి, మడతల్లో పాత బ్రష్‌తో గీకండి, కడిగి ఎండబెట్టి, బొట్టు తడి లేదని చూసుకున్నాకే పోయండి. అసలు చౌకగా వస్తోందని ఆరు నెలలకు సరిపడా కొనడం మానేయండి.

బోరిక్ పౌడర్ కలపమనేవాళ్లున్నారు. కడిగితే పోతుందన్న ధైర్యంతో పిల్లలు తినే అన్నంలోకి మందు చేర్చకండి. గోడౌన్లలో వాడే బిళ్లలు ఎవరైనా తెచ్చిస్తానంటే దయచేసి గడప దాటనివ్వకండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. దానికి విరుగుడు మందు లేదు. మూసిన గదిలో పడుకున్న మనుషుల ప్రాణాలే పోతాయి.

రవ్వ, మైదా, శనగపిండికి ఫ్రీజర్‌ను మించింది లేదు. ప్యాకెట్ విప్పకుండా మైనస్ 18 డిగ్రీల్లో 4 రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. కింద అరలో పెడితే పురుగు ఎదుగుదల ఆగుతుందే గానీ అన్నీ చావవు. బయటికి తీశాక ప్యాకెట్ మీది చెమ్మ ఆరనిచ్చి, అప్పుడు కత్తిరించి, రబ్బరు వాషరున్న డబ్బాలో పోసుకోండి.