కంపెనీ వాసన తెలిసేంత దగ్గర ఇల్లు తీసుకోండి

గుమ్మడిదల వైపు ఫార్మా కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే. పని అక్కడ చెయ్యి, కాపురం మాత్రం బాచుపల్లిలోనో నిజాంపేటలోనో పెట్టు. కంపెనీ బస్సు ఎలాగూ ఉంటుంది. పిల్లలకు పేరున్న బడి, ఇంట్లోవాళ్లకు మియాపూర్ మెట్రో, అవసరానికి పెద్దాసుపత్రి. పైగా ఆ వాసన ఉండదు. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గిస్తారు.

నేను చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం. కంపెనీ పక్కనే ఉండండి. పక్కనంటే గండిమైసమ్మ కాదు. గుమ్మడిదలలోనో, బొంతపల్లిలోనో, అన్నారంలోనో, దోమడుగులోనో, మీ ప్లాంటు రాత్రి ఏం వదులుతుందో మీ ముక్కుకు తెలిసేంత దగ్గర.

ఇది తలకిందుల సలహా అని తెలిసే ఇస్తున్నాను. అందరికీ ఇవ్వడం లేదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణి, పసిపిల్లలు ఉంటే ఇక్కడితో చదవడం ఆపి నిజాంపేటకే వెళ్లండి. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి, గేటుకు కూతవేటు దూరంలో రేకుల గదిలో నలుగురితో కలిసి ఉంటున్న కాంట్రాక్టు కార్మికుడికి ఈ సలహా అక్కర్లేదు. వేరే దారి లేక అతను ఇప్పటికే అక్కడున్నాడు. నేను మాట్లాడుతున్నది కెమిస్టులతో, షిఫ్టు ఇన్‌చార్జిలతో, క్యూసీ, క్యూఏ, సేఫ్టీ, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి) వాళ్లతో. ప్లాంటులో తమ మాట చెల్లే ప్రతి ఒక్కరితో.

మొదట కిలోమీటర్ల లెక్క మానేయండి. మియాపూర్ నుంచి గుమ్మడిదల ఇరవై పైచిలుకు కిలోమీటర్లే. చెప్పడానికి అదెంత? కానీ బస్సు తిన్నగా రాదు. కాలనీ కాలనీకీ ఆగి మనుషుల్ని ఎక్కించుకుని, బాచుపల్లి దాటి, గండిమైసమ్మ చౌరస్తాలో లారీల మధ్య నిలబడి, దుండిగల్ మీదుగా నర్సాపూర్ రోడ్డు పట్టుకుంటుంది. అది ఇప్పుడు 765డి జాతీయ రహదారి. బోర్డు మారింది కానీ చౌరస్తాలో రద్దీ తగ్గలేదు. పొద్దున ఆరింటికి ఏ షిఫ్టు అంటే నాలుగున్నరకల్లా స్టాపులో ఉండాలి. రానూపోనూ కలిపి రోజుకు రెండున్నర గంటలు అనుకుందాం. నెలకు ఇరవై ఆరు డ్యూటీలకు 65 గంటలు. అంటే ఎనిమిది షిఫ్టుల సమయం, జీతం లేకుండా, కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోతూ గడిచిపోతుంది. బండి మీద వచ్చేవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. ఔటర్ రింగు రోడ్డు మెయిన్ లైన్ల మీదికి టూవీలర్లను రానివ్వరు. సర్వీసు రోడ్డూ, లారీల రోడ్డే వాళ్లకు గతి. ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, డ్యూటీలో జరిగినట్టే చూడాలని 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. దారి కూడా పనిలో భాగమేనని చట్టమే ఒప్పుకుంది. ఆ గంటలకు కూలి కట్టమని మాత్రం ఎవరూ అడగలేదు.

అయితే ఈ గంటలు మిగులుతాయన్న ఒక్క కారణంతో దగ్గర ఉండమనడం లేదు. అది చిన్న కారణం. అసలు కారణం వేరే ఉంది.

ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీ పెడితే పక్కనే క్వార్టర్లు కట్టే కాలం ఒకటుండేది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్‌కు టౌన్‌షిప్ ఉంది. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి ఎస్టేటు ఉంది. ఇంజినీరూ టర్నరూ వేర్వేరు సైజు ఇళ్లలో ఉన్నా, తాగే నీళ్లూ పీల్చే గాలీ ఒకటే. కానీ పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వరుసలో వచ్చిన ప్రైవేటు కంపెనీల్లో క్వార్టర్ల స్థానంలోకి బస్సు వచ్చింది. బస్సు చవక. దాంతోపాటు ఇంకో పని జరిగింది. ప్లాంటులో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లంతా సాయంత్రానికి ఊరు విడిచి వెళ్లిపోతున్నారు. ఊళ్లో మిగిలేది తెలియనివాళ్లు.

చలికాలం రాత్రి బొంతపల్లిలో ఓ డాబా మీదికి ఎక్కి చూడండి. తొమ్మిది దాటాక గాలి కదలదు. నేల దగ్గరి గాలి చల్లబడి, పైనున్న వెచ్చటి పొర కింద మూతపడ్డట్టు ఉండిపోతుంది. పగలైతే పైకి పోయే ఆవిరులు అప్పుడు ఇళ్ల మధ్యనే తిరుగుతాయి. ఓ ఇల్లాలు గబగబా మెట్లెక్కి దండెం మీది బట్టలు తీసేస్తుంది. పిల్లవాడి యూనిఫాం ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మళ్లీ బకెట్లో వేస్తుంది. ఏం వాసనమ్మా అని అడిగితే, ‘గదే సార్, కంపెనీ వాసన’ అంటుంది. ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. ఫిర్యాదు రాసినా అదే రాస్తుంది. అధికారులు వచ్చేసరికి తెల్లారుతుంది, గాలి తిరుగుతుంది, వాసన ఉండదు, కాగితం ఫైల్లోకి పోతుంది.

అదే డాబా మీద ఓ కెమిస్టు ఉంటే? టోలీన్ తియ్యటి ఘాటు అతనికి తెలుసు. అమ్మోనియా తెలుసు. కుళ్లిన గుడ్ల కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌దని తెలుసు. ఎక్కువసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారి ఆ కంపు కూడా తెలియకుండా పోతుందనీ, అప్పుడే అసలు ప్రమాదమనీ తెలుసు. ఇది రియాక్టరు చార్జింగు దగ్గరిదా, స్క్రబ్బరు సరిగ్గా నడవకపోవడం వల్లా, ఈటీపీ ట్యాంకు నుంచా అన్నది కూడా చాలావరకు ఊహించగలడు. పదేళ్ల చదువూ అనుభవమూ ఉన్న ఆ ముక్కు ఇరవై కిలోమీటర్ల అవతల ఏసీ గదిలో నిద్రపోతోంది. ఈ ఊరికి జరిగిన నష్టాల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

అందుకే ఇల్లు వెతకడం కూడా లోకరీతికి భిన్నంగా చెయ్యండి. పగలు చూడకండి. ఆదివారం అసలే వద్దు. డిసెంబరులోనో జనవరిలోనో, సీ షిఫ్టు మొదలయ్యాక, రాత్రి పదకొండు దాటాక వచ్చి చూడండి. కిరాయి ఆఖరున అడగండి. ముందు బోరు నీళ్లు ఓ గ్లాసులో పట్టి రంగు చూడండి, వాసన చూడండి, తాగకండి. తాగడానికి ఏ నీళ్లు వాడుతున్నారో అడగండి. బ్రోకరును కాదు, బర్రెలు ఉన్నవాళ్లను అడగండి. అవి ఏ కుంటలో నీళ్లు తాగడం మానేశాయో వాళ్లకు తెలుస్తుంది. దోమడుగు నల్లకుంటలో నురగ గురించి పత్రికలు రాయకముందే ఆ ఊరివాళ్లకు ఆ నీళ్ల సంగతి తెలుసు.

ఇంట్లో దిగాక గోడకు పెద్ద గళ్ల తెలుగు క్యాలెండరు తగిలించండి. పాల లెక్క రాసే గళ్లలోనే రోజూ ఇంకో ముక్క రాయండి. ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు ఉంది, గాలి ఎటు నుంచి, ఏ రసాయనంలా ఉంది. కళ్లు మండితే అదీ రాయండి. మీ కంపెనీదని ముందే తీర్మానించకండి. పక్కదీ కావచ్చు. ఏడాది తిరిగేసరికి ఆ పన్నెండు పేజీలు ఏ కాగితం కన్నా బలమైన సాక్ష్యమవుతాయి. ఫిర్యాదు ఒంటరిగా పెట్టొద్దు. ఉద్యోగం పోయే భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోను. కాలనీవాళ్లతో కలిసి, పది సంతకాలతో, తేదీలూ వేళలూ వేసి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి.

చట్టం కూడా పక్కన ఉండేవాళ్లకు ఓ హక్కు ఇచ్చింది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలు నడిపే ఫ్యాక్టరీ ఆ ప్రమాదాలేమిటో, వాటినుంచి కాపాడుకోవడం ఎలాగో కార్మికులకు, అధికారులకు, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల ప్రజలకు కూడా చెప్పాలని అది నిర్దేశించింది. ఆ చట్టం స్థానంలోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ బాధ్యత అలాగే ఉంది. నిజాంపేట ఫ్లాట్లో ఉండేవాడు చుట్టుపక్కల ప్రజల్లోకి రాడు. బొంతపల్లిలో కిరాయికున్నవాడు వస్తాడు. పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడూ అంతే. 2006 నోటిఫికేషన్ ప్రకారం నెల ముందు పత్రికల్లో ప్రకటించి, ప్రాజెక్టు దగ్గరే సభ పెట్టాలి. కొన్ని రకాల ప్రాజెక్టులకు మినహాయింపులున్నా, సభ పెట్టిన చోట స్థానికుడిగా లేచి సాంకేతికంగా ప్రశ్న అడగగలిగేవాడు ఒక్కడున్నా ఆ సభ నడిచే తీరు మారుతుంది.

అందుకని వచ్చిన ఏడాదిలోనే ఓటు కూడా ఇక్కడికి మార్పించుకోండి. ఇప్పుడు ఇల్లు మారినవాళ్లకు ఫారం 8 చాలు. ఉద్యోగం ఓ చోట, ఓటు ఇంకోచోట ఉన్న మనిషిని ఏ నాయకుడూ లెక్కచెయ్యడు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ చెత్తను తెచ్చి గుమ్మడిదల మండలంలోని ప్యారానగర్ దగ్గర డంపింగ్ యార్డు పెట్టే పనులు మొదలైనప్పుడు నల్లవల్లి, ప్యారానగర్, గుమ్మడిదల జనం రోడ్డెక్కారు, ఆడవాళ్లతో సహా టెంట్ల కింద కూర్చున్నారు. ఆ చెత్త ఎక్కడి నుంచి వస్తుంది? కంపెనీ బస్సులు సాయంత్రం ఎక్కడికి వెళ్తాయో అక్కడి నుంచే. పగలు ఇక్కడ పనిచేసి రాత్రి అక్కడ ఉండేవాళ్లకు ఇది తమ గొడవే అనిపించలేదంటే వాళ్లను తప్పుబట్టను. ఉండని ఊరి గొడవ ఎవరికీ తమదనిపించదు.

ఉన్న ఊరి గొడవ మాత్రం తమదే అవుతుంది. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాల పాటు కాలుష్యం మీద పోరాడారు. ఆయన ప్రాక్టీసు అక్కడే, ఆయన రోగులు నక్కవాగు పక్క ఊళ్లవాళ్లు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు వెనక ఇలాంటి స్థానికుల గోడు ఉంది.

ఇక భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే? ఒకరిది గుమ్మడిదల, ఒకరిది హైటెక్ సిటీ. అందరూ ‘మధ్యలో’ ఇల్లు చూసుకోమంటారు. మధ్యలో వద్దు. ఇద్దరూ రోడ్డు మీదే ఉంటారు, ఇద్దరూ ఏ ఊరివాళ్లూ కారు. ఎవరి పని వల్ల చుట్టుపక్కలవాళ్ల ప్రాణానికి ముప్పు రావచ్చో వాళ్ల పని దగ్గర ఉండండి. కంప్యూటరు పని ఎక్కడి నుంచైనా కొంత నడుస్తుంది. రియాక్టరు పని అలా నడవదు. ఇది న్యాయమైన పంపకం కాదని, ఎక్కువసార్లు ఆ భారం భార్య మీదే పడుతుందని ఒప్పుకుంటాను. అందుకే ఆమె సరే అనకుండా సామాను సర్దొద్దు.

పిల్లల బడి సంగతి మాత్రం కష్టమైనదే. నేను చెప్పగలిగేది ఒకటి. చదువుకున్న తల్లిదండ్రులు ఊళ్లో ఉంటే ఆ బడి మారుతుంది, వాళ్లు బస్సెక్కి వెళ్లిపోతే మారదు. అయినా మీ పిల్లవాడిని పణంగా పెట్టమని అడగను. పదో తరగతి దగ్గరికి వస్తే మీ వీలు చూసుకోండి. ఇల్లు మాత్రం కొనకండి. కొన్నాక స్థలం ధర పడిపోతుందనే భయం పట్టుకుంటుంది, వాసన గురించి నోరు విప్పనివ్వదు. కిరాయికి ఉన్నవాడికే నిజం చెప్పే స్వేచ్ఛ ఉంటుంది.

బాచుపల్లిలో చూసిన ఇంటికి అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే వారం ఆగండి. ఈ లోపు ఓ రాత్రి బస్సెక్కకుండా ఉండిపోయి, గుమ్మడిదల బస్టాండు నుంచి బొంతపల్లి కమాను దాకా నడవండి. మీ ప్లాంటు గురించి పొద్దున మీటింగులో ఏం అడగాలో తెలుస్తుంది. అడగండి.