కాష్మోరాను దాటేసి చదవండి

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మీ చేతిలో పెట్టి మొదటి పేజీ నుంచి వరసగా చదవమని ఎవరైనా చెబితే వినకండి. అంత సరుకున్న నవలను వరసగా చదివితే సగంలోనే తల దిమ్మెక్కుతుంది. పసిపిల్ల మీద చేతబడి, ఆస్తి కోసం కుట్ర, శ్మశానం, కాష్మోరా అనే క్షుద్రశక్తి, హిప్నాటిజం, డాక్టర్ల చర్చలు అన్నీ అందులోనే ఉన్నాయి. నాకు ఆ నవలంటే ప్రాణం. అందులో చాలా పేజీలంటే ఒళ్లు మంట. రెండూ నిజమే కాబట్టి ఈ సలహాలు.

అసలు కొత్త పుస్తకం కొనకండి. ఇది 1980ల మొదట్లో ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చింది. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో ఆడవాళ్లు సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, సూదీ దారంతో కుట్టి, పైన అట్ట వేసుకునేవారు. రాజమండ్రిలోనో అమలాపురంలోనో ఏ పాత ఇంటి అటక మీదైనా అలాంటి కుట్టు పుస్తకం దొరికితే బతిమాలి తెచ్చుకోండి. ఒక భాగం చదివి మూసేయండి. మళ్లీ వారం దాకా ముట్టుకోకండి. ఎంత ఆత్రంగా ఉన్నా సరే.

ఎందుకంటే ఈ నవల ఉబ్బిపోవడానికి కారణం ఆ వారపు లెక్కే. ప్రతి సంచిక చివరా పాఠకుడికి ఒక ఉలికిపాటు బాకీ. ఆ బాకీ తీర్చడానికి రచయిత కొత్త మనిషినో కొత్త విద్యనో కొత్త గండాన్నో తెచ్చిపెట్టాలి. వారానికొకటి చొప్పున వస్తే గుండె దడదడలాడుతుంది. అన్నీ కలిపి ఒకే రాత్రి మింగితే పదో ఉలికిపాటుకి ఆవలింత వస్తుంది. ఆ తప్పు రచయితది కాదు, మీరు చదివిన తీరుది.

ఇలా విడతలుగా దట్టించడం మన గోదావరి నీళ్లలోనే ఉన్న అలవాటు. 1878లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రికలో ‘రాజశేఖర చరిత్రము’ నవలను విడతలు విడతలుగా రాశారు. 1880లో అది పుస్తకమైంది. ధవళేశ్వరంలో ఒక కుటుంబం కథ అంటూ మొదలుపెట్టి, శకునాలూ జ్యోతిషాలూ దొంగలూ ప్రయాణాలూ అన్నీ దట్టించారు. బంగారం చేసిపెడతానని ఉన్న బంగారంతో ఉడాయించే బైరాగి కూడా ఉన్నాడు. ‘తులసిదళం’ తెరిచే ముందు ఆ బైరాగి ఘట్టం ఒక్కటి చదవండి. మంత్రం పేరు చెప్పి ఇంట్లోకి వచ్చేవాడి మొహం ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది.

ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పేది: కాష్మోరా వచ్చిన చోటల్లా పేజీలు తిప్పేయండి. చాలామంది దానికోసమే చదువుతారు. నా మాట వినండి, భయపెట్టేది అది కాదు. రాజోలులో పుట్టి, చార్టర్డ్ అకౌంటెన్సీ చదివిన యండమూరి ఈ నవలను హైదరాబాదులో పెట్టాడు. మామూలు ఉద్యోగస్తుల ఇల్లు, ఫోను మోగడం, ఆసుపత్రి పరుగులు, డబ్బు లెక్కలు. లంక గ్రామంలో చీకటి పడ్డాక చెప్పుకునే చేతబడి ఆ పట్నపు ఇంట్లోకి వచ్చి కూర్చోవడమే ఇందులో అసలు దెబ్బ. పనసకాయ కోసేవాడు చేతికి నూనె రాసుకుని, జిగురు తప్పించి, తొనలు మాత్రం తీసుకుంటాడు కదా. ఈ నవలకూ అదే పద్ధతి. హిప్నాటిజం ఉపన్యాసాలు మాత్రం వదలకండి. కథను ఆపేస్తాయని వాటిని తిట్టేవాళ్లున్నారు. ఆ ఆగిన చోటే నాకిష్టం. మనసు శరీరాన్ని ఎలా ఆడిస్తుందన్న ప్రశ్నను ఊళ్లల్లో ఎంతోమంది మొదటిసారి అక్కడే చదివారు.

చివరి భాగం ముందే చదివేయండి. మంత్రమూ వైద్యమూ రెండూ పక్కపక్కనే పరుగెడతాయి, ఏది నిజమో మీరే తేల్చుకోమని వదిలేస్తాడు. పనితనంగా చూస్తే అబ్బురం. కానీ చేతబడి అనుమానంతో మనుషుల పళ్లు పీకి, కొట్టి చంపిన వార్తలు వస్తున్న నేల మీద, ఆ తేల్చకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది. తెలివైన రచయిత అక్కడ ఒక పక్క నిలబడాలి.

అందుకే ఈ నవల మీద రచయిత్రి రంగనాయకమ్మ గారు రాసిన విమర్శను నవల కన్నా ముందు చదవండి. ఆవిడది తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడి. రాసినవాడూ, నిలదీసినావిడా గోదావరికి అటొకరు ఇటొకరు. మూఢనమ్మకానికి ఊపిరి పోస్తోందన్న ఆవిడ వాదన నాకు సబబే. అయినా నవలను పారేయలేను. ఆ రెండు పుస్తకాలూ ఒకే అరలో, ఒకదానికొకటి ఆనించి పెట్టండి. చేతబడిని నమ్మే ఇంటికి మాత్రం నవలను ఒంటరిగా అరువు ఇవ్వకండి, విమర్శ కూడా తోడిచ్చి పంపండి.

రెండో భాగం ‘తులసి’ని ఇప్పుడే ముట్టుకోకండి. దాని ఆధారంగా 1986లో వచ్చిన ‘కాష్మోరా’ సినిమా మాత్రం మధ్యలో ఎప్పుడైనా చూసేయండి. కాష్మోరాను తెర మీద చూసేశాక ఆ పేజీలు దాటేయడం తేలిక.

చదివాక ఎవరైనా ‘‘బాగుందా అండీ?’’ అని అడిగితే అవునని గానీ కాదని గానీ అనకండి. ‘‘ఏ పేజీ సంగతండీ?’’ అని అడిగి, పుస్తకం చేతికిచ్చి, ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చోండి.